ట్యూబులు అద్దెకిచ్చేవాడికి గేట్ల కబురు ఎవరు చెప్పాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. నాలుగు చినుకులు పడితే చాలు, హైదరాబాద్ చుట్టుపక్కల వీకెండ్ ట్రిప్పుల ప్రకటనలు ఫోన్లో వరస కడతాయి. ఈమధ్య వాటిలో ‘రివర్ ట్యూబింగ్’ అని ఒకటి చేరింది. గాలి కొట్టిన రబ్బరు ట్యూబులో చేరగిలబడి, నీళ్లు ఎటు తీసుకుపోతే అటు పోవడమే ఆట. లారీ ట్యూబు నడుముకు తగిలించుకుని దిగుడుబావిలో ఈత నేర్చుకున్న నాలాంటివాళ్లకి ఇందులో వింతేమీ లేదు. ఆ ట్యూబు వాల్వు గీరుకుపోయిన మచ్చ నా పక్కటెముకల మీద ఇంకా ఉంది.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ ఆటకి నేను అడ్డం చెప్పను, నేనూ ఆడాను. అదీ ఇక్కడ కాదు, అమెరికాలో, అరవై దాటాక.

మా అమ్మాయి వాళ్లు ఫ్లోరిడాలో గెయిన్స్‌విల్‌లో ఉంటారు. అక్కడికి కారులో గంట లోపు దూరంలో ఇచిటక్నీ అని చిన్న నది ఉంది. మొత్తం పొడవు పది కిలోమీటర్లకు మించదు. దానికి కొండా లేదు, వాగుల కలయికా లేదు. ఎనిమిది పెద్ద ఊట బుగ్గలు నేలలోంచి ఉబికి, అవే కలిసి నదై పారతాయి. వాన నీరు అక్కడి సున్నపురాయి పొరల్లోకి ఇంకి, భూగర్భంలో నిలవ ఉండి, మళ్లీ పైకి వస్తుంది. అందుకే ఏడాది పొడుగునా ఆ నీటి వేడి 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మే నెలలోనైనా దిగగానే కాళ్లు జివ్వుమంటాయి. అడుగున ఇసుక అన్నం ఉడికినట్టు కుతకుతమంటుంటే ట్యూబులోంచి వంగి చూడొచ్చు. మనవాళ్లకి ఇట్టే తెలియాలంటే మహానంది కోనేటి నీళ్లను తలుచుకోవాలి. అక్కడా అంతే, అడుగున పడ్డ రూపాయి బిళ్ల పైకి కనిపిస్తుంది.

ఆ ట్రిప్పు ప్లాన్ చేసింది మా మనవరాలు. నాలుగు రోజుల ముందు నుంచే “తాతయ్యా, తినేవీ తాగేవీ ఏమీ తేవద్దు” అని చెబుతూనే ఉంది. మా ఆవిడ వింటే కదా! పులిహోర డబ్బా, నాలుగు నీళ్ల సీసాలు సంచిలో సర్దింది. గేటు దగ్గర మనిషి సంచి తెరిచి చూసి నవ్వాడు, వెనక్కి తిప్పాడు. నది మీదకు తినేవీ తాగేవీ లేవు, పొగాకు లేదు, వాడి పారేసే వస్తువేదీ లేదు. పులిహోర కారులోనే ఉండి, సాయంత్రానికి మాకే పనికొచ్చింది.

ఆ కట్టడి ఊరికే పెట్టింది కాదట. 1970లలో వేలమంది దిగి నది పైభాగంలో నీటిగడ్డి అంతా తొక్కేశారు. ఆ తరవాత ఆ భాగానికి రోజుకు 750 మందే అని లెక్క పెట్టారు. లెక్క పూర్తయితే ఆ రోజుకి గేటు మూసేసేవారు, ఎంత దూరం నుంచి వచ్చినా, ఎవరి పేరు చెప్పినా అంతే. మన దగ్గర ఏ జలపాతానికైనా ఆదివారం ఇంతమందే అని ఎవరైనా లెక్క కట్టగా చూశారా? పార్కింగు నిండిందా లేదా అన్నదే మన లెక్క.

నా ఉద్యోగం బుద్ధి పోక, తేలుతూ కూడా నేను లెక్కే వేసుకున్నాను. ఆ నదిలో పారేది సగటున 350 క్యూసెక్కులు. మన దగ్గర ఓ మోస్తరు కాలవ అంత. కానీ అది రాత్రికి రాత్రి మారదు. నిన్న ఎంతో ఇవాళా దాదాపు అంతే. పైన ఆనకట్ట లేదు, ఎత్తడానికి షట్టర్లు లేవు. అందుకే చిన్నపిల్ల నుంచి నాలాంటి ముసలాయన దాకా ఎవరైనా ట్యూబెక్కి హాయిగా కునికిపాట్లు పడొచ్చు.

మన నదులు అట్లాంటివి కావు. మూసీనే చూడండి. అదీ అనంతగిరి కొండల్లో పుట్టిందే. వికారాబాద్ దగ్గర బుగ్గ రామేశ్వరం పేరులోనే ఊట ఉంది. అక్కడి నుంచి ఊరిదాకా వచ్చేసరికి మాత్రం అది వాన మీదా మన గేట్ల మీదా బతికే నది. 1908 సెప్టెంబరు 28 వరద తరవాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. 2025 సెప్టెంబరు ఆఖరులో ఆ రెండింటి గేట్లు ఎత్తితే నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే వచ్చేశాయి. నదికి అంటుకుని ఉన్న బస్టాండు సంగతే అలా ఉంటే, నదిలో ట్యూబు మీద కూర్చున్నవాడి మాటేమిటి?

ఇంకో తారీకు ఈ ఊరికి బాగా గుర్తు. 2014 జూన్ 8. హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. పిల్లలు దిగినప్పుడు నీళ్లు తక్కువగానే ఉన్నాయి. గేట్ల కింద నదిలో ఎప్పుడూ అదే చిక్కు.

ఇక ఈ జాబు రాయడానికి అసలు కారణం. పోయిన వానాకాలం మా చిన్నబ్బాయి ఆఫీసువాళ్లు ఇలాంటి ట్యూబింగుకే ప్లాన్ చేసుకున్నారు. ఊరు పేరు ఎందుకు లెండి, ఒక ప్రాజెక్టుకి కింద ఉన్న వాగు. పన్నెండుమంది, ఆదివారం పొద్దున. “నాన్నా, నీళ్లెంత ఉంటాయో కాస్త కనుక్కోవా” అన్నాడు. కనుక్కుందామని కూర్చున్నాను. ట్యూబులు అద్దెకిచ్చేవాళ్లకి ఫోన్ చేస్తే, “టెన్షన్ ఏం పడకండి సార్, నడుం దాకానే” అన్నారు. “పై నుంచి నీళ్లు వదిలితేనో?” అంటే, “అది డ్యామ్ వాళ్లని అడగాలె సార్” అన్నారు. డ్యామ్ ఆఫీసులో ఆదివారం ఎవరు ఎత్తుతారు? పాత పరిచయాలు తిరగేసి చివరికి గేట్లు ఎత్తే లస్కరు ఒకతని నంబరు పట్టాను. పాపం, మంచివాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు: “పై నుంచి ఫోనొస్తే ఎత్తుతం సార్. సైరన్ కొడతం. కింద ఎవరున్నరో మాకెట్ల తెలుస్తది?”

నేను ఆ శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి మూడో ఫోనుకైనా లస్కరు దొరికాడు. మామూలు మనిషికి ఏ నంబరూ దొరకదు. ఆ సైరన్ వాగు మలుపు దాటి రెండు కిలోమీటర్ల దూరాన, స్పీకర్లో పాటలు పెట్టుకున్న కుర్రాళ్లకు వినిపిస్తుందనుకోవడం కూడా వట్టిదే. మావాడు ఆ ట్రిప్పు మానుకున్నాడు, వాడి స్నేహితులు వెళ్లారు. క్షేమంగానే వచ్చారు. నీళ్లు ఆ రోజు వదల్లేదు, అంతే. లైఫ్ జాకెట్లు పన్నెండుమందికి ఏడే ఇచ్చారని తరవాత తెలిసింది. ఈత వచ్చినవాళ్లకి అక్కర్లేదన్నారట! సుడిలో పడ్డాక ఈత ఎంతవరకు పనికొస్తుందో గోదావరి ఒడ్డున ఎవర్నడిగినా చెబుతారు.

పర్యాటక శాఖ, నీటిపారుదల శాఖ, జిల్లా కలెక్టర్లు కలిసి కూర్చుంటే ఒక్క పూటలో తేలే పని ఇది. వాగులోకి ట్యూబులు దింపే ప్రతి చోటుకీ అనుమతి ఉండాలి. ఆ అనుమతిలోనే ఇన్ని జాకెట్లు, ఇంతమంది మనుషులు అని రాసి ఉండాలి. ఆ రోజు నీటిమట్టం ఒడ్డున పలక మీద సుద్దముక్కతో రాసినా చాలు, యాప్ అక్కర్లేదు. తిండి పొట్లాలు, సీసాలు గేటు దగ్గరే ఆపడానికి ఒక మనిషి, ఒక బల్ల సరిపోతాయి. మా ఆవిడ పులిహోరను ఆపినవాడి దగ్గర అంతకంటే ఏమీ లేదు.

అన్నిటికంటే ముందు కావలసింది మరీ చిన్నది. గేట్లు ఎత్తే ముందు తహసీల్దారుకీ, పోలీసులకీ, దిగువ ఊళ్లకీ కబురు పంపే జాబితా ఒకటి మా శాఖలో మొదట్నుంచీ ఉంది. ఈ వానాకాలం మొదలయ్యేలోగా అందులో ట్యూబులు అద్దెకిచ్చేవాడి ఫోన్ నంబరు కూడా రాయించండి.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
మలక్‌పేట, హైదరాబాద్