మామిడి తోటల పికప్‌కు ఏ డిఫరెన్షియల్?

సంపాదకులకు నమస్కారం.

బంగారుపాళెం, పలమనేరు తోటల నుంచి తోతాపురి కాయను తారురోడ్డుకు చేర్చే పికప్‌లకు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని వెనుక చక్రాలకు పంచే గేర్ల అమరికలో, ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా కొంత అడ్డుకునే రకం) దండగన్న మాట పూర్తిగా సరికాదు. మామూలు డిఫరెన్షియల్ రెండు వెనుక చక్రాలకూ సమానమైన బలాన్నే పంచుతుంది కనుక, ఒకటి బురదలో ఊరికే తిరుగుతుంటే గట్టి నేల మీదున్న రెండోదానికీ ఆ స్వల్ప బలమే అందుతుంది. క్లచ్ ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్, ప్లేట్ల రాపిడితో గట్టి నేల మీది చక్రానికి ఎక్కువ బలం మళ్లించి, ఈ లోపాన్ని కొంత సరిచేస్తుంది. అయితే చక్రం గాలిలోకి లేచే రాళ్ల వంకల్లో దాని సాయం అంతంతమాత్రమే, అక్కడ రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకర్ కావాలి. పైగా ప్లేట్లు అరుగుతాయి, వాటికి తగిన గేర్ ఆయిలే పోయాలి (అమ్మేవారు ఈ సంగతి ముందుగా చెప్పడం అరుదు). నా మట్టుకు, అరిగిన టైర్లు మార్చాకే ఈ ఖర్చు గురించి ఆలోచిస్తాను.

– ఒక మామిడి రైతు, బంగారుపాళెం, చిత్తూరు జిల్లా