గివ్‌సన్‌కి వింటేజ్ అని రాయకు

బిడ్డా,

మన గిటార్ అమ్ముదామని నువ్వు రాసి పంపిన ప్రకటన చదివిన. "అరుదైన వింటేజ్ గిటార్" అట. ఆ మూడు మాటల్లో గిటార్ అన్నదొక్కటే నిజం.

అది కలకత్తా కంపెనీ గివ్‌సన్ చేసిన గిటార్. నేను ఆర్కెస్ట్రాలో వాయించే రోజుల్లో హన్మకొండ పెళ్లి మండపాల్లో, కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఎక్కడ చూసినా అదే కనిపించేది. అరుదైనది ఎట్లయితది? "ముప్పై ఏళ్లు దాటింది కదా బాపూ" అంటావు. ఏళ్లే లెక్కయితే మీ అమ్మ గ్రైండర్ కూడా వింటేజే.

బండ్లకైతే మన ప్రభుత్వం 2021లో నియమం పెట్టింది: 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం చెడకూడదు. ప్రాచీన వస్తువు అనాలంటే 1972 చట్టం ప్రకారం మామూలుగా వందేళ్లు. గిటార్లకు అట్లాంటి చట్టమేదీ లేదు. కొందరు 25 ఏళ్లంటారు, కొందరు 30 అంటారు. నిజంగా పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం వయసు ఒక్కటే చూడరు. గిటార్లు చేసే ఫెండర్ కంపెనీ 1965లో సీబీఎస్ అనే అమెరికా కంపెనీ చేతికి పోయింది. అంతకుముందు చేసినవాటికి ఒక ధర, ఆ తర్వాతవాటికి ఒక ధర. రెండూ ముసలివే! ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏమేం మార్చారు అన్నదాని మీదే వాళ్ల పంచాయితీ అంతా.

మన గివ్‌సన్‌కి తీగలు బిగించే కీలు మార్పించిన. తీగలు కట్టే బ్రిడ్జి ఊడితే ఒక మేస్త్రీ జిగురు పెట్టి బిగించిండు. నెక్, అంటే తీగలు నొక్కే పొడుగు పిడి కూడా వంగింది, దాని మీది పన్నెండో ఫ్రెట్ (అడ్డపట్టీ) దగ్గర తీగ కింద పెన్సిల్ దూరుతుంది. నేర్చుకుందామని ఏ పిల్లవాడో కొంటే వారంలో వేళ్లు పోతాయి. ఇవన్నీ దాచకుండా రాయి.

అసలు సంగతి వేరే ఉంది. గిటార్‌తో పాటు ఫ్రీగా ఇస్తానని రాశావే నారింజ రంగు పెడల్, గిటార్ శబ్దాన్ని మార్చే డబ్బా, అది బాస్ (Boss) కంపెనీ డీఎస్-1. ఆ మోడల్ 1978లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. అందుకే పేరు చూసి వయసు చెప్పలేం, తిరగేసి చూడాలి. చూసిన. అడుగున లేబుల్ మీద మేడ్ ఇన్ జపాన్ అని ఉంది, అడాప్టర్ పెట్టేచోట ఏసీఏ అని, పాత రకం అడాప్టర్ పేరు ఉంది. అంటే పాత రకం. తర్వాత తయారీ తైవాన్‌కు మారింది. ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్ పెడితే దీని ఎర్ర లైటు మసకగా వెలుగుతుంది, కొన్నవాడు పాడైందని గొడవకొస్తాడు. బ్యాటరీ వేసి వీడియో తీసి పంపుతా. నాబ్ తిప్పితే గరగరమంటోంది, క్లీనర్ కొడితే పోతుంది. రంగు లేచిన చోట మాత్రం ఎవరు చెప్పినా పెయింట్ వేయనియ్యను. దానికి వింటేజ్ అని రాసుకో, ధర కూడా విడిగా పెట్టు.

గివ్‌సన్‌కి "పాతది, నెక్ వంగింది" అని రాసి రేటు సగం చెయ్. బయటూరు వాళ్లు కొంటే తీగలు కొంచెం వదులు చేసి, గిటార్ తల చుట్టూ పేపర్లు కుక్కి పంపుతా. పార్సిల్‌లో ముందు విరిగేది అక్కడే.

ప్రకటన ఇయ్యాల్నే మార్చు. బీరువా పక్కన జాగా ఎప్పుడు ఖాళీ అయితదని మీ అమ్మ పొద్దున్నుంచి అడుగుతోంది.

మీ బాపు