నీకేం తక్కువ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా అన్నయ్య ఇంట్లో అందరం భోంచేస్తున్నాం. 14 ఏళ్ల మేనకోడలు ఉన్నట్టుండి, "స్కూల్లో అందరూ నా చుట్టూనే ఉంటారు. కానీ ఏడుపొస్తే ఎవరికి చెప్పుకోవాలో తెలీదు" అంది. అన్నయ్య నవ్వి, "నీకేం తక్కువ తల్లీ?" అన్నాడు. పాప ఇంకేం మాట్లాడలేదు. తలొంచుకుని తినేసి గదిలోకి వెళ్లిపోయింది.

ఆ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నాన్న నోట అదే విన్నాను. వినడానికి ప్రశ్నలాగే ఉంటుంది, జవాబు చెప్పడానికి మాత్రం వీలుండదు. నిజంగానే నాకు తక్కువేమీ లేదు. పెద్ద ఇల్లు, కారు, అడిగిందల్లా వచ్చేది. స్కూల్లో నా పక్కన కూర్చోవడానికి పోటీ పడేవాళ్లు. లేనివాళ్ల కష్టాలు కళ్లముందే కనిపిస్తుంటే, నాకు దిగులుగా ఉందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? లోపం నాలోనే ఉందనుకుని నోరు మూసుకున్నాను.

నా 12వ పుట్టినరోజుకి ఇంటినిండా పిల్లలే. మర్నాడు హాల్లో బల్ల మీద ఒక నోటు పుస్తకం కనిపించింది. ఎవరు ఏం తెచ్చారు, దాని ఖరీదు ఎంత ఉండొచ్చు అని నాన్న ఆఫీసు గుమాస్తా వరసగా రాసిపెట్టాడు. రేపు వాళ్లింట్లో ఫంక్షనైతే అంతకు తగ్గకుండా ఇవ్వాలి కదా, అందుకన్నమాట. పేర్లన్నీ పిల్లల తండ్రులవే. నా పక్కన కూర్చునే అమ్మాయి పేరు కోసం రెండుసార్లు వెతికాను, లేదు. ఆ బహుమతులు నాకోసం వచ్చినవి కావని ఆ రోజే తెలిసింది.

సెలవుల్లో మా ఇంటికొచ్చే అమ్మాయిలతో చదరంగం ఆడేదాన్ని. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. నా మంత్రి చేతికి అందేలా ఉన్నా చూడనట్టే ఎక్కడో ఒక బంటు జరిపేవాళ్లు. ఒకసారి కొత్తగా వచ్చిన అమ్మాయి టక్కున నా మంత్రిని తీసేసి, "చూసుకోలేదా?" అని నవ్వింది. పది నిమిషాల్లో ఆట కట్టేసింది. నాకెంత సంతోషమేసిందో! ఒక మనిషి నిజంగా నాతో ఆడటం అదే మొదలు. మిగతావాళ్లు మాత్రం ఆమెను వరండాలోకి తీసుకెళ్లి, "వాళ్లింటికొచ్చి ఆ అమ్మాయినే ఓడిస్తావా?" అని తిట్టారు. నాకు వినిపించింది. లేచి వెళ్లి ఆపలేదు. ఉన్నవాళ్లు కూడా పోతారేమోనని భయం. ఆమె మళ్లీ రాలేదు. ఇన్నేళ్లయినా, ఆ తెల్ల మంత్రిని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్న ఆమె చెయ్యి నా కళ్లకు కట్టినట్టే ఉంది.

ఇదంతా నా ఒక్కదాని గోడే అనుకునేదాన్ని, సునియా లూథర్ గురించి చదివేదాకా. భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆమె. 2023లో చనిపోయారు. పేద పిల్లల మీద పరిశోధన చేస్తూ, పోల్చి చూడటానికి డబ్బున్న కుటుంబాల పిల్లల్ని కూడా తీసుకున్నారు. 1999లో వచ్చిన ఆ అధ్యయనంలో మత్తు పదార్థాల వాడకం, ఆందోళన, డిప్రెషన్ డబ్బున్న పిల్లల్లోనే ఎక్కువగా కనిపించాయి. అన్నిట్లో ముందుండాలన్న ఒత్తిడి, అమ్మానాన్నలతో దూరం ఇందుకు ముఖ్య కారణాలై ఉండొచ్చని తర్వాత ఆమె రాశారు. వర్జీనియా యూనివర్సిటీ వాళ్లది ఇంకో అధ్యయనం ఉంది. 169 మందిని 15 ఏళ్ల వయసు నుంచి 25 దాకా గమనించి 2017లో ప్రచురించారు. చిన్న వయసులో ఒక గట్టి స్నేహం ఉన్నవాళ్లకి పెద్దయ్యాక నలుగురిలో మెలగడానికి భయం తక్కువగా ఉంది. అందరిలో పాపులర్‌గా ఉన్నవాళ్లకి ఆ భయం ఎక్కువగా ఉంది. అది చదువుతుంటే ఆ వరండాయే గుర్తొచ్చి, ఇక ముందుకు చదవలేకపోయాను.

మా అన్నయ్య కూడా ఆ ఇంట్లోనే పెరిగాడు. 12 మంది పట్టే డైనింగ్ టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చుని, మనుషుల గొంతులు వినపడాలని టీవీ సౌండ్ పెంచుకుని తినేవాడు. అది మర్చిపోయాడంటే నేను నమ్మను. ఎదురుగా చెప్పబోతే మాట మార్చేస్తాడు. కానీ పొద్దున్నే మీ పత్రిక తెరిస్తే ముందు ఈ ఉత్తరాలే చదువుతాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అన్నయ్యా, ఈసారి పాప నోరు విప్పితే దానికి ఏమేం కొనిచ్చావో గుర్తు చేయకు. టీవీ కట్టేసి, "ఎప్పట్నుంచి ఇలా ఉందమ్మా?" అని అడుగు. అది చెప్పేదాకా పక్కనే కూర్చో.

ఇట్లు,
ఒక పాఠకురాలు
(పేరు ప్రచురించవద్దని మనవి)