ఉత్తర కుమారుడి తరఫున ఒక ఉత్తరం

ఒరేయ్ మొద్దూ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. వక్తృత్వ పోటీలో నాలుగు మాటలు చెప్పి స్టేజీ దిగి వచ్చేశావా? అంతకు ముందు వారమంతా 'ఫస్ట్ ప్రైజు నాదే, కావాలంటే రాసిపెట్టుకోండి' అని తిరిగావా? ఇప్పుడు క్లాసంతా నిన్ను ఉత్తర కుమారుడని పిలుస్తోందా? నవ్వు ఆపుకోలేకపోయాను రా. ఏమనుకోకు, నువ్వు రాసిన తీరే అలా ఉంది. కానీ చివర్లో 'ఇక జన్మలో మైకు ముట్టుకోను' అన్నావు చూడు, అక్కడ నవ్వు ఆగిపోయింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిగ్గా చదువు.

నీకా పేరు పెట్టినవాళ్లలో భారతంలో విరాట పర్వం తెరిచి చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడంటావా? నాకు నమ్మకం లేదు. నాకూ మొన్నటిదాకా తెలిసింది 'ఉత్తర కుమార ప్రగల్భాలు' అన్న మాటొక్కటే. కాకపోతే 1963 నాటి నర్తనశాలలో రేలంగి వేసిన వేషం. ఈసారి సెలవుల్లో పట్టుబట్టి తిక్కనగారి విరాట పర్వం చదివాను. పద్యాలన్నీ నాకే అర్థమైపోయాయని కోతలు కోయను, అది నీ డిపార్ట్‌మెంట్. తాత్పర్యాలున్న పుస్తకం ఒకటి, వ్యాసుడి మూలానికి వచన అనువాదం ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. 13వ శతాబ్దంలో తిక్కన భారతం మొదలుపెట్టిందే ఈ పర్వంతోనట. నన్నయ సగంలో ఆపిన అరణ్య పర్వం జోలికి పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చాడు. ఎందుకంటే చాలామంది చాలా కారణాలు చెబుతారుగానీ, ఈ కథ మీద మనసు పడి ఉంటాడని నా సొంత అభిప్రాయం.

కథ నీకు సగం తెలుసు. పాండవులు అజ్ఞాతవాసంలో వేషాలు మార్చుకుని విరాటరాజు కొలువులో ఉన్నారు, ఉత్తరుడు ఆ రాజు కొడుకు. విరాటరాజు సైన్యమంతా వేసుకుని ఒక వైపు త్రిగర్త రాజు సుశర్మతో యుద్ధానికి పోయాడు. మర్నాడు ఇంకో వైపు నుంచి కౌరవులు వచ్చి అరవై వేల ఆవుల్ని తోలుకుపోతున్నారు. కోటలో మిగిలింది ఉత్తరుడొక్కడే. గోపాలకుడొకడు పరిగెత్తుకొచ్చి చెప్పేసరికి అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. మంచి సారథి ఒక్కడు దొరకాలిగానీ, నన్ను చూసి అర్జునుడే వచ్చాడనుకుంటారు కౌరవులు, అన్నాడు. ఆ మాట పక్కనే ఉన్న ద్రౌపదికి ఒళ్లు మండించింది. బృహన్నల ఉందిగా, ఒకప్పుడు అర్జునుడికే సారథి, అని ఇరికించింది. బృహన్నల అంటే మారువేషంలో ఉన్న అర్జునుడే. ఆ ఇరికించడం నాకు భలే నచ్చింది. బయలుదేరేటప్పుడు రాజకుమారి, ఆమె చెలికత్తెలు మా బొమ్మలకు కౌరవుల రంగురంగుల బట్టలు పట్టుకురమ్మని అడిగారు. ఈ బొమ్మల బట్టల సంగతి గుర్తుపెట్టుకో, దానితో పనుంది.

తర్వాతది అందరికీ తెలిసిందే. ఎదురుగా భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, కృపుడు, అశ్వత్థామ, దుర్యోధనుడు. ఒళ్లు గగుర్పొడిచింది. రథం తిప్పమన్నాడు. అందరి ముందూ అంతేసి మాటలన్నావు, ఖాళీ చేతులతో పోతే నవ్వుతారు అంది బృహన్నల. నవ్వితే నవ్వనీ, ఆవులు పోతే పోనీ అన్నాడు. విల్లు పారేసి దూకి పరుగు. అర్జునుడు జడ ఎగిరిపడుతుండగా వెంటపడి జుట్టు పట్టుకున్నాడు. బంగారం ఇస్తా, ఏనుగులిస్తా, వదిలెయ్ అని ఏడ్చాడు పాపం. దూరం నుంచి చూస్తున్న కౌరవ సైనికులు కూడా నవ్వారు.

ఒక్కసారి ఆలోచించు. అటువైపున్న పేర్లు చూశావుగా. నేను చదువుతూ చదువుతూ ఆగి, 'నేనైతే ఏం చేసేవాణ్ని?' అనుకున్నాను. రథం కోట గుమ్మం దాటకముందే కడుపునొప్పి తెచ్చుకునేవాణ్ని. ఒంటరి కుర్రాడు, యుద్ధం ముఖం చూడనివాడు, పారిపోవడంలో వింతేముంది? ప్రగల్భాలు పలికినందుకు తిట్టు, ఒప్పుకుంటాను. పారిపోయినందుకు తిట్టకు.

మన సామెత ఇక్కడితో పుస్తకం మూసేసింది. నా గొడవంతా దానితోనే. తిక్కనగారు మూయలేదు కదా!

అర్జునుడు వాణ్ని క్షత్రియ ధర్మం పేరుతో గంటసేపు వాయించలేదు. నువ్వు యుద్ధం చెయ్యలేకపోతే గుర్రాల పగ్గాలు పట్టుకో, నేను చేస్తాను అన్నాడు. అంతే. ఈ ఒక్క ముక్క కోసం అర్జునుడి మీద నాకు కొత్తగా గౌరవం పెరిగింది. తర్వాత జమ్మి చెట్టెక్కి ఆయుధాలు దింపమన్నాడు. ఆ చెట్టుకు శవం కట్టి ఉందట, నేను ముట్టుకోనన్నాడు ఉత్తరుడు. చివరికి ఎక్కాడు, దింపాడు. వచ్చింది అర్జునుడని చెబితే నమ్మలేదు. నీకున్న పది పేర్లూ చెప్పు చూద్దాం అని పరీక్ష పెట్టాడు! ఏడుపు ఇంకా ఆరని కుర్రాడు అర్జునుడికి వైవా పెట్టడం చూసి గట్టిగా నవ్వాను. ఇంట్లోవాళ్లు వచ్చి ఏమైందని అడిగారు.

ఆపైన పారిపోయిన చోటికే రథం తోలాడు. యుద్ధం మధ్యలో మళ్లీ బెదిరిపోయాడు. నా వల్ల కావడం లేదు, తల తిరుగుతోంది అంటాడు. అర్జునుడు ధైర్యం చెబుతాడు, మళ్లీ పగ్గాలు పట్టుకుంటాడు. ఇక్కడే నాకు వీడు బాగా దగ్గరయ్యాడు. ప్రహ్లాదుణ్ని చూడు, చిన్నప్పటినుంచి ధైర్యానికి వాడినే చూపిస్తారు మనకి. ఏనుగులు తొక్కినా, కొండ మీంచి తోసినా వాడికి టెన్షనే లేదు. చదవడానికి ఎంతో బాగుంటుంది. కానీ అసలు భయమే తెలియనివాడి దగ్గర నేనేం నేర్చుకోను? నాకు పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం తిప్పేముందే చెమటలు పడతాయి. ఒకసారి బెదిరి, తేరుకుని, మళ్లీ బెదిరేవాడే నాకు అర్థమవుతాడు.

ఇప్పుడు బొమ్మల బట్టలు. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తాడు, కౌరవ వీరులంతా సోలిపోతారు. ఉత్తరుడు పగ్గాలు వదిలి రథం దిగి వాళ్ల మధ్యలోకి నడుచుకుంటూ పోతాడు. ద్రోణుడివీ కృపుడివీ తెల్లటివి, కర్ణుడిది పసుపుపచ్చటిది, అశ్వత్థామవీ దుర్యోధనుడివీ నీలిరంగువి, పైబట్టలు లాక్కొస్తాడు. భీష్ముడి జోలికి మాత్రం వెళ్లకు, ఆయనకు ఆ అస్త్రానికి విరుగుడు తెలుసు అని అర్జునుడు ముందే హెచ్చరించాడు. అంటే వాళ్లలో ఒకాయన మెలకువగా ఉండొచ్చని తెలిసి కూడా వెళ్లాడన్నమాట. పొద్దున ఏ ముఖాల్ని చూసి పరిగెత్తాడో వాటి దగ్గరికే! దీని మీద ఒక్క సామెతైనా ఉందా? లేదు.

అయితే నేను నీకు అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. తిరిగి వచ్చేటప్పుడు అర్జునుడు, మేం పాండవులమని ఇప్పుడే బయటపెట్టకు, నువ్వే గెలిచానని మీ నాన్నతో చెప్పు అన్నాడు. చూశావా, అబద్ధం ఆడమని సాక్షాత్తూ అర్జునుడే అనుమతి ఇచ్చాడు. అప్పటికే దూతలు వెళ్లి రాకుమారుడు గెలిచాడని చెప్పేశారు. ఊరంతా అలంకరించారు. విరాటరాజు కొడుకును పొగిడి పొగిడి, బృహన్నల సారథి అయితే గెలవకేం అన్నందుకు కంకుభట్టు (మారువేషంలో ఉన్న ధర్మరాజు) ముఖాన పాచికతో కొట్టాడు కూడా. రక్తం వచ్చింది. అలాంటి సమయంలో ఉత్తరుడు సభలోకి వచ్చాడు. రాగానే కంకుభట్టు ముఖం చూసి, ఈ పని ఎవరు చేశారని అడిగాడు. తప్పు చేశావు, క్షమాపణ అడుగు అని తండ్రికే చెప్పాడు. తర్వాత తండ్రి పొగడ్త మొదలుపెడితే, నేను గెలవలేదు, భయపడి పారిపోతుంటే దేవతాపుత్రుడు ఒకడు ఆపి, తనే అంతా చేశాడు అన్నాడు. అర్జునుడి గుట్టు బయటపెట్టలేదు, తన గుట్టు దాచుకోలేదు.

తను పారిపోయినట్టు ఆ సభలో ఎవరికీ తెలియదు రా! తెలిసినవాడు అర్జునుడొక్కడే, ఆయనేమో నోరు మూసుకోమన్నాడు. అయినా చెప్పాడు. అందరికంటే గొప్పలు పోయిన కుర్రాడి నోటి నుంచే వచ్చింది ఆ మాట. యుద్ధంలో పగ్గాలు పట్టుకోవడం కంటే నాకు ఇదే పెద్ద పనిగా కనిపించింది.

దీనికి పక్కన గిరీశాన్ని నిలబెట్టి చూడు. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడారు, మనం చదివేది 1909లో గురజాడ పెంచి రాసింది. గిరీశమూ కోతల రాయుడే, పైగా వాడి ఇంగ్లీషు ముందు ఉత్తరుడు ఎందుకూ పనికిరాడు. వితంతు వివాహాల మీద లెక్చర్లిస్తాడు, బుచ్చమ్మను ఉద్ధరిస్తానంటాడు. చివర్లో మధురవాణి వాడి బండారం సౌజన్యారావు పంతులు ముందు బయటపెట్టేదాకా వాడి నోట ఒక్క నిజం రాలేదు. బయటపడ్డాక కూడా 'డామిట్, కథ అడ్డంగా తిరిగింది' అన్నాడు గానీ, నేను తిప్పానని అనలేదు. నాకు గిరీశమంటే చచ్చేంత ఇష్టం, అది వేరే సంగతి. కానీ సామెతలో ఉండాల్సింది గిరీశం, ఉత్తరుడు కాదు.

ఈ గొడవంతా మా తెలుగు పీరియడ్‌లో పెట్టాను. ఒక కుర్రాణ్ని సార్ ఉత్తర కుమారుడంటే క్లాసంతా నవ్వింది. లేచి నిలబడి, 'సార్, వాడు తర్వాత నిజం చెప్పాడు కదా' అన్నాను. గొంతు సన్నగా వచ్చింది, వెనక బెంచీ నుంచి ఎవడో మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. సార్ కోప్పడలేదు. 'సరే, అర్జునుడు జుట్టు పట్టుకోకపోతే నీ ఉత్తరుడు ఎక్కడుండేవాడు?' అని అడిగారు. జవాబు దొరకలేదు. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. వాడు కోటకు వెళ్లి మంచం కింద దాక్కునేవాడేమో. అయితే ఏం? ఎవరో ఒకరు ఆపితే ఆగడం కూడా అందరికీ చేతనవుతుందా? కౌరవ సభలో ద్రౌపది ప్రశ్న అడిగినప్పుడు దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచి పెద్దల ముందు న్యాయం మాట్లాడాడు, పిల్లాడివి కూర్చోమన్నాడు కర్ణుడు. వికర్ణుణ్ని ఎవరూ వెనక్కి లాగి నిలబెట్టలేదు, తనంతట తనే లేచాడు. సార్ లెక్కలో వాడే ఎక్కువ. కానీ యుద్ధం వచ్చేసరికి అన్న పక్షానే ఉండి, 14వ రోజు భీముడి చేతిలో పోయాడు. ఎవరు ఎక్కువో నేను తేల్చుకోలేకపోతున్నాను. నువ్వు చెప్పు.

ఇంకో సంగతి. ఇంట్లో మైకు పాడైందని చెప్పానని రాశావు. నిజం చెప్పమని నేననను, మీ నాన్నగారి సంగతి నాకు తెలుసు. కానీ 'ఇక జన్మలో' అన్న మాట మాత్రం కొట్టెయ్. పోటీలో మాట్లాడకపోతే పోయె, ముందు మన క్లాసుల్లో చేసినట్టు ఎవరైనా పద్యం చదువుతుంటే పక్కన నిలబడి అర్థం చెప్పు. పగ్గాలు పట్టుకో అంటున్నానన్నమాట.

కురుక్షేత్రంలో ఉత్తరుడి సంగతి తెలుసా? మొదటి రోజే ఏనుగెక్కి శల్యుడి మీదికి వెళ్లాడు. శల్యుడి రథం గుర్రాలు నాలుగింటినీ చంపాడు. శల్యుడు శక్తి విసిరితే అక్కడే పడిపోయాడు. ఆ రోజు పక్కన అర్జునుడు లేడు. ఈ ముక్క సార్‌కి రేపు చెప్పాలి.

నువ్వు విరాట పర్వం మొత్తం చదవక్కర్లేదు, ఉత్తర గోగ్రహణం, అంటే కౌరవులు ఆవుల్ని తోలుకుపోయే ఘట్టం దగ్గర మొదలుపెట్టు. నీకా పేరు పెట్టిన వాళ్లకి కూడా ఇవ్వు. వికర్ణుడి మీద నీ తీర్పు వచ్చే ఉత్తరంలో రాయి, వాదించడానికి నేను రెడీ.

నీ,
పాత పక్క సీటువాడు