గ్రిల్లులో ఊడిన ఊచ

ఒరేయ్ శీనూ,

గురువారం ఫోన్ మధ్యలో కట్ అయిందని కంగారు పడ్డావట. నేను కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి అక్కడ నీకు అర్ధరాత్రి. మోకాలి చిప్ప మీద చర్మం లేచింది, అంతే. మీ చెల్లెమ్మ పెట్టిన చివాట్ల ముందు అదెంత!

బండి షెడ్డుకిచ్చి రెండు వారాలైంది. అప్పట్నుంచీ కూకట్‌పల్లిలో మెయిన్ రోడ్డు నడిచే దాటుతున్నా. మెట్రో స్టేషన్ మెట్లెక్కి అటు దిగొచ్చు, టికెట్ కూడా అక్కర్లేదు. కానీ అక్కడిదాకా నడిచి, ఎక్కి దిగి, మళ్ళీ వెనక్కి రావాలంటే పావుగంట. పాల కొట్టేమో కళ్ళెదురుగా ఉంది. మెట్రో పిల్లర్ల మధ్య గ్రిల్లుకి ఎవరో ఒక ఊచ పీకేశారు. పక్క ఊచలు రెండూ జనం భుజాలు రాసుకుని రాసుకుని పెయింటు పోయి నున్నగా మెరుస్తుంటాయి. ఒకదాని కొసకి ఎవరి చున్నీదో దారప్పోగు వేలాడుతోంది. మా కాలనీకి అదే సింహద్వారం.

బండి మీద తిరిగినన్నాళ్ళూ ఆ సందులోంచి ఊడిపడేవాళ్ళని ఎన్ని తిట్లు తిట్టానో వెనక కూర్చుని నువ్వూ విన్నావు. ఈసారి నేనే ఊడిపడ్డా. చెవిలో నీ గొంతు, చేతిలో పాల సంచి. ఎడమవైపు చూశా, ఖాళీ. అడుగేశా. కుడివైపు పిల్లర్ చాటు నుంచి రాంగ్ రూట్లో ఒక కుర్రాడు! హ్యాండిల్ సంచికి తగిలింది. పాలు రోడ్డు పాలు. "కళ్ళు కనపడట్లేదా అంకుల్!" అన్నాడు. అంకులట! రాంగ్ రూట్లో వచ్చింది వాడే, కాదనను. కానీ ఎదురు తిట్టబోతుంటే చెవిలో నువ్వింకా అమ్మాయి ఫీజుల సంగతే చెబుతున్నావురా. నా నోరు పెగల్లేదు.

నన్ను లేపింది ఆకుకూరల గంప పెద్దావిడ. "పిల్లర్ సాటు నుంచి దాటకు బిడ్డా. నువ్వు ఆనికి కనవడవు, ఆడు నీకు కనవడడు" అంది. ఆవిడ కూడా ఆ సందులోంచే దాటుతుంది. కాకపోతే చాటు దాటి ముందుకొచ్చి, రెండు పక్కలా చూసి, చెయ్యెత్తి నిలబడుతుంది. చెయ్యెత్తేది బండి ఆపమని కాదట, 'నేనున్నా' అని చెప్పడానికట. ఇంటికొచ్చాక లెక్క వేశా. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. నేను నీకు "ఆఁ, చెప్పు" అనేంతలో మీదికొచ్చేస్తుందన్నమాట. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళలో 32,825 మంది నడిచేవాళ్ళేనని కేంద్ర రవాణా శాఖ లెక్క.

అన్నట్టు, నీకక్కడ దాటకూడని చోట రోడ్డు దాటావని జే వాకింగ్ ఫైను రాస్తే డాలర్లు రూపాయల్లోకి మార్చుకుని మూడు రోజులు ఏడ్చావు, గుర్తుందా? జే అంటే వెనకటికి అమెరికాలో పల్లెటూరి బైతు. పట్నంలో నడవడం చేతకానివాడని ఎగతాళి. కార్లొచ్చాక, రోడ్డు మీద అప్పటిదాకా హాయిగా నడిచినవాడు కాస్తా బైతయ్యాడు. ఇప్పుడు మీ కాలిఫోర్నియాలోనే 2023 జనవరి నుంచి, గుద్దేసే ప్రమాదం అప్పటికప్పుడు లేకపోతే పోలీసులు ఫైను వేయకూడదు. న్యూయార్క్ నగరం కూడా 2024లో ఆ తప్పును తీసేసింది. తొందరపడి దాటావు, డబ్బులు పోయాయి!

ఇక్కడా ఫైన్లు వేయాలని మా ఆఫీసులో ఒకాయన వాదన. మొన్నటిదాకా నాదీ అదే మాట. ఇప్పుడు నోరు రావట్లేదు. జీబ్రా గీతలు అరిగిపోయాయి, కనపడే చోట వాటి మీదే బండ్లు ఆగుతాయి, ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండి. ముందు అవి సరిచేసి, అప్పుడు నాలాంటి ఫోన్ రాయుళ్ళకి వేయమను, కడతా.

నిన్న ఎవరో వచ్చి ఆ సందుకి ఊచ వెల్డింగ్ చేసిపోయారు. ఇవాళ చూస్తే నాలుగడుగుల అవతల ఇంకోటి వంగి ఉంది. నేను మాత్రం మోకాలు సలుపుతున్నా మెట్లే ఎక్కా. ఈసారి ఫోన్ చేస్తే ముందు ఎక్కడున్నావని అడుగు. పాల డబ్బులు నీ ఖాతాలోనే రాశా.

నీ
రాజు