కెలైడోస్కోప్ బొంతల ఆర్డర్ల గురించి అందరికీ ఒక మాట

నమస్తే అండి. కెలైడోస్కోప్ అంటే అద్దాల గొట్టంల చూస్తే రంగుముక్కలు పూల లెక్క కనిపించే ఆటబొమ్మ, ఒకే ప్రింట్ ముక్కలను తిప్పి కలిపి అట్లాంటి పూలు తెచ్చేవే మన బొంతలు. ఈమధ్య మెసేజ్ పెట్టేవాళ్లల్ల చాలామంది ఒకటే అడుగుతున్నరు, "మీరు ఫొటో పెట్టిన ఆ నీలం పూల బొంత అచ్చం అట్లనే కావాలె" అని. అట్లనే రాదు అని ఒక్కొక్కరికి చెప్పుకుంటూ వస్తున్న, ఎందుకు రాదో ఇక్కడ మొత్తం రాస్తున్న, రేట్ ఎందుకు పెరుగుతుందో కూడా ఇందులనే ఉంది.

ఆ పూలు బట్ట మీద ఎక్కడా ఉండవు. ఒక్కటే ప్రింట్ బట్ట తీసుకొని, డిజైన్ మళ్లీ ఎక్కడ మొదలైతుందో అంచు పొంటి టేప్ పెట్టి కొలుస్తం, మిల్లు రోటరీ స్క్రీన్ (తిరిగే గుండ్రటి అచ్చు) ప్రింట్ల పెద్ద డిజైన్ ఐతే మామూలుగ 64 సెంటీమీటర్లకి తిరిగి వస్తది. అట్లాంటి ముక్కలు ఆరు కోసి ఒకదానిమీద ఒకటి పేర్చాలె. పేర్చుడంటే అంచులు కలిపితే సరిపోదు, ప్రింట్ మీద ప్రింట్ కూర్చోవాలె. మొన్నటి బట్టల చిలకలు ఉండె, పై ముక్కల చిలక కన్నుల గుండుసూది గుచ్చి, కిందిది ఎత్తి ఆ చిలక కన్నుల నుంచే సూది దించి, అట్ల ఆరో చిలక దాకా పోవాలె, ఇట్ల బట్ట నాలుగు దిక్కులా చేయాలె. ఒక్క పొర నూలుపోగంత జరిగినా మధ్యల పువ్వు చెదిరిపోతది, అందుకే ఈ పని నేను ఎవ్వరికీ ఇవ్వను, నేనే చేస్త.

తర్వాత మూడు ముప్పావు ఇంచుల పట్టీలు, పట్టీల నుంచి 60 డిగ్రీల త్రికోణాలు. ఒక్కో కోతకి ఒకే రకం త్రికోణాలు ఆరు చేతికొస్తయి, ఆరింటి ఒకే మూలను మధ్యకి తెచ్చి కలిపితే ఆరు మూలల పువ్వు. నాకు ఇప్పటికీ ఇష్టమైన ఘడియ ఇదే. త్రికోణం ఒక మూలల ఎర్ర దానిమ్మ ఉందనుకోండి, ఆ మూల మధ్యకి పెడితే ఎర్ర నక్షత్రం, వేరే మూల మధ్యకి తిప్పితే అదే ఎరుపు బయటికి పోయి చుట్టూ మెరుస్తది, మూడో మూల పెడితే ఇంకోటి, అవే ఆరు ముక్కలు, మూడు పూలు. (1816ల డేవిడ్ బ్రూస్టర్ కనిపెట్టిన అసలు కెలైడోస్కోప్‌ల అద్దాలు కాబట్టి బొమ్మ పక్కపక్కన ఎదురెదురుగ పడతది, మన బొంతల ఆరు ముక్కలూ ఒకే దిక్కు తిరుగుతయి, గాలిపంకా లెక్క. నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతది.)

ఇప్పుడు అర్థమైంది కదా, పట్టీ అర ఇంచు పైనుంచి మొదలుపెట్టినా వేరే పూలు వస్తయి. పైగా సికింద్రాబాద్ జనరల్ బజార్‌ల ఒక ప్రింట్ తాను ఐపోతే మళ్లీ అదే రావడం కష్టం. రంగులు చెప్పండి, ముదురా లేతా చెప్పండి, బట్ట ఫొటో పంపి మీతోనే ఓకే చేయించుకుంట, పూలు మాత్రం కోసినంక తెలిసేవే.

రేట్ సంగతి. 44 ఇంచుల పన్నా బట్ట నాలుగు మీటర్లు కోస్తే, కుట్టి పూర్తయ్యేసరికి దాదాపు సగమే మిగుల్తది, కుట్టు మార్జిన్లకి, చివరి తుంపులకి మిగతా సగం పోతది. నాలుగు మీటర్ల బట్టకి సుమారు ఐదడుగుల చదరం కూడా నిండదు. డబుల్ బెడ్ అంటే పన్నెండు మీటర్లు, అదీ ఒకే తానుల. బట్ట ధర పెరిగింది, నాతో కుట్టే ఇద్దరి కూలి కూడా పెంచిన, ఆ త్రికోణాల రెండు పక్కలు క్రాస్ మీద (నేత పోగులకి ఏటవాలుగ) ఉంటయి, లాగితే సాగుతయి, గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఓపికగ కుట్టాలె, ఆ చేతికి తగ్గ డబ్బు ఇవ్వాలె. అందుకని సోఫా సైజ్ 7,800, డబుల్ బెడ్ 19,500. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత రేటే.

మీ బట్టతో చేయమనేవాళ్లకి: పెడన కలంకారీ లాంటి చేతి అచ్చు బట్ట దీనికి తీసుకోను. అచ్చు చేత్తో వేస్తరు, ఒక్కోసారి ఒక వెంట్రుక అటుఇటు పడతది, ఆ బట్టకి అదే అందం, కానీ ఆరు పొరలు కలవవు. శ్రీకాళహస్తిది కలంతో గీసింది, దాన్ని ముక్కలు చేయడానికి నాకు మనసే రాదు. ఆ బట్టలతో మామూలు బొంత సంతోషంగ కుడతం. అమ్మ చీర ఐతే మిల్లు ప్రింట్ కాటన్‌ది, చిరుగులు, పలచబడ్డ చోట్లు లేనిది పంపండి, కొంగు వదిలేసినా ఆరు ముక్కలు వస్తయి. చిన్న బుటీల ప్రింట్లు వద్దు, అన్ని పూలు ఒక్కలెక్కనే కనిపిస్తయి.

దసరాకి ఇంక కొత్త ఆర్డర్లు లేవు, ఉన్నవే పూర్తి చేయాలె. దీపావళి తర్వాత కావాల్సినవాళ్లు బట్ట అంచు పొంటి టేప్ పరిచి ఒక ఫొటో తీసి పంపండి, టేప్ మీద నంబర్లు కనిపించాలె, దాన్ని చూసి ఐతదో కాదో అదే రోజు చెప్త.