యుద్ధక్రీడలో కందకాలు కనిపించకూడదు

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ యుద్ధక్రీడల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసంలో ‘కంబాట్ మిషన్: బ్యాటిల్ ఫర్ నార్మండీ’ అనే ఆటను ప్రస్తావిస్తూ, అందులోని కందకాలు నేలలోకి తవ్వినట్లు కాక నేల మీద మట్టి పోసి గట్టు కట్టినట్లు ఉన్నాయనీ, 2011లో వచ్చిన ఆటలో ఇంత నాసిరకం బొమ్మలేమిటనీ రచయిత ఎద్దేవా చేశారు. అవి చూడటానికి బాగుండవన్న మాట వరకు నాకూ అభ్యంతరం లేదు. సైనికులు కందకంలో దాక్కున్నట్లు కాక మట్టికుప్పల మధ్య కూర్చున్నట్లు కనిపిస్తారన్నది నిజమే. కానీ దాన్ని చేతకానితనం కింద జమకట్టడం సరికాదు. తెలిసి చేసుకున్న ఏర్పాటు అది.

ఈ ఆటను తయారుచేసిన సంస్థే 2007లో ‘షాక్ ఫోర్స్’ పేరుతో, సిరియాలో జరిగినట్లు ఊహించిన యుద్ధంపై ఒక ఆట విడుదల చేసింది. అందులో కందకాలు నేలలో భాగంగానే ఉండేవి. కంటికి ఎంతో సహజంగా ఉండేవి కూడా. చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, ఆటలోని నేల ఇద్దరు ఆటగాళ్లకూ ఒక్కటే. దాడి చేసేవాడు తన సైనికులను ఒక్క అడుగు కూడా కదపకముందే, తెర మీద దృశ్యాన్ని కొండ అవతలికి జరిపి చూస్తే చాలు, రక్షకుడి కందకాలు ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరిగి ఎక్కడ ఆగాయో మొత్తం బయటపడేది. అందులోని సైనికులు కనిపించకపోయినా ఫలితం ఉండేది కాదు, ఎందుకంటే వాళ్లు ఇంకెక్కడ ఉంటారన్న ప్రశ్నే మిగలదు. శతఘ్నులను నేరుగా ఆ గీత మీదికే గురిపెట్టవచ్చు. నార్మండీ ఆటలో నిర్మాతలు కందకాన్ని నేల నుంచి విడదీసి, ఒక ఫిరంగి లాగా, ఒక వాహనం లాగా వేరే వస్తువుగా మార్చారు. వస్తువు కనుక ఎదుటి పక్షం సైనికుల్లో ఎవరో ఒకరి కంట పడేదాకా దాన్ని దాచి ఉంచడం సాధ్యమైంది. నేల నుంచి విడిపోయింది కనుకనే అది నేల పైన కూర్చోవలసి వచ్చింది. గుంతనే దాచాలంటే ఇద్దరికీ రెండు వేర్వేరు నేలలు గీసి, ఎవరికి ఎక్కడి నుంచి ఏది కనిపిస్తుందో ఆ రెంటి మీదా లెక్క కట్టాలి. అందానికీ దాపరికానికీ మధ్య ఒకటే దక్కే పరిస్థితిలో వాళ్లు దాపరికాన్ని ఎంచుకున్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం.

ఎందుకు సరైనదో తెలియాలంటే ఆ ఆట ఏ యుద్ధం గురించినదో గుర్తుచేసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 వేసవిలో, ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీలో అమెరికన్ సేనలను అడుగడుగునా ఆపినవి అక్కడి పొలం గట్లు. వాటి మీద శతాబ్దాలుగా పెరిగిన పొదలూ చెట్లూ వేళ్లతో మట్టిని బిగించి పట్టుకుని ఉండేవి. జర్మన్లు ఆ గట్లలోనే గుంతలు తవ్వి, వేళ్ల సందుల్లోంచి మెషిన్‌గన్ గొట్టం బయటకు పెట్టేవారు. చిన్న పొలం అవతలి గట్టులో ఏముందో, మొదటి తూటాలు వచ్చేదాకా ఇవతలివారికి తెలిసేది కాదు. సముద్రతీరంలోని పాయింట్ దు హాక్ సంగతి ఇంకా చిత్రమైనది. జూన్ 6న జేమ్స్ రడ్డర్ నాయకత్వంలో రేంజర్లు అనే అమెరికన్ ప్రత్యేక దళం సైనికులు సుమారు 30 మీటర్ల కొండచరియను తాళ్లతో ఎక్కి పైకి చేరితే, 155 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండవలసిన చోట దుంగలు ఉన్నాయి. అసలు ఫిరంగులను జర్మన్లు ముందే వెనక్కి తరలించి, లోపలి తోటల్లో దాచారు. వెతికి పట్టుకుని వాటిని పనికిరాకుండా చేయడం ఆ తర్వాతి కథ. ఇలాంటి యుద్ధాన్ని ఆటగా మలిచి, రక్షకుడి గుంతలన్నీ మొదటి నిమిషంలోనే ఎదుటివాడికి చూపిస్తే ఇక అది నార్మండీ ఎలా అవుతుంది?

ఈ సమస్య కంప్యూటర్‌తో పుట్టిందీ కాదు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ రూపొందించిన ‘క్రీగ్స్‌స్పీల్’ అనే యుద్ధక్రీడలో ఇద్దరు ఆటగాళ్లూ తమ ఆజ్ఞలను మధ్యవర్తికి అందజేసేవారు, ఎదుటివారి కంట పడే అవకాశం ఉన్న దళాలను మాత్రమే మధ్యవర్తి పటం మీద ఉంచేవాడు. 1985లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్’ అనే బల్ల మీది ఆటలో మధ్యవర్తి లేడు, కాగితం ఉంది. ఆ ఆటను నేనూ నా మిత్రుడూ ఇప్పటికీ ఆడుతుంటాం. పటమంతా ఆరు పలకల గడులు, ఒక్కో గడి 40 మీటర్ల నేల. రక్షకుడు తన మందుపాతరలు ఏ గడుల్లో ఉన్నాయో పటం మీద పెట్టకుండా ఒక చీటీ మీద గడి సంఖ్యలు రాసి మడిచి పక్కన పెట్టుకుంటాడు. కొన్నిచోట్ల ప్రశ్నార్థకం గుర్తున్న బిళ్లలు పేర్చి ఉంటాయి; వాటి కింద దళం ఉండవచ్చు, ఉత్త బిళ్లలే ఉండవచ్చు. మిత్రుడు తన దళాన్ని ఒక గడిలోకి జరిపి చేయి తీయగానే నేను చీటీ విప్పి చూపించిన సందర్భాల్లో అతని ముఖంలో కనిపించే భావం ఏ త్రీడీ బొమ్మలోనూ రాదు. అయితే ఆ చీటీని ఆట మధ్యలో దిద్దకూడదు. దాచుకోవడానికి ఉన్న హక్కంతా ఆ నమ్మకం మీదే నిలుస్తుంది.

దాడి చేసేవాడికి ఇది అన్యాయం కాదా అని కొందరు అడుగుతారు. పేకాటలో ఎదుటివాడి ముక్కలు తిప్పి చూపించమన్నట్లుంది ఆ ప్రశ్న. వెతికి తెలుసుకునే దారి ఉన్నంత వరకు అన్యాయం లేదు: ముందు చిన్న దళాన్ని పంపి చూడవచ్చు, అనుమానం ఉన్న గట్టు మీద కాల్పులు జరిపించవచ్చు, మందుపాతరలు బయటపడితే ఇంజనీరు దళంతో గుర్తులు పెట్టించవచ్చు. వాటికి సమయం పడుతుంది, మనుషులు పోతారు. ఆ ఖర్చును తూచుకోవడమే దాడి చేసేవాడి ఆట.

నా ఫిర్యాదు వేరే చోట ఉంది. కొందరు ఔత్సాహికులు సొంతంగా తయారుచేసే పోరాట సన్నివేశాల్లో కాంక్రీటు బంకర్లతో సహా సమస్తం దాచేసి, ఆపైన దాడికి ముప్పావు గంట మాత్రమే ఇస్తారు. మిత్రరాజ్యాలు ఆ తీరాన్ని నెలల తరబడి విమానాల నుంచి ఫొటోలు తీశాయి. పోత పోసిన బంకరు ఎక్కడుందో చాలావరకు దాడికి ముందే తెలుసు. అలాంటివి ముందే చూపించి, ముందురోజు రాత్రి తవ్విన గుంతలను, ముళ్లతీగలను, మందుపాతరలను మాత్రం దాచి, వెతకడానికి సరిపడా సమయం ఇవ్వడం న్యాయం. వ్యాసకర్త విమర్శ ఈ దిశగా సాగి ఉంటే నేను సంతోషంగా తలూపేవాణ్ని.

వ్యాసాన్ని బట్టి చూస్తే ఆయన ఆటను దాడి పక్షం వైపు నుంచే ఆడినట్లు తోస్తోంది. ఇకపై ఇలాంటి ఆటల గురించి రాయించేటప్పుడు, ఒక్కసారైనా రక్షణ పక్షం తీసుకుని, తన కందకాలు తానే అమర్చుకుని ఆడిన తర్వాతే సమీక్ష రాయమని మీ రచయితలకు సూచించగలరని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయవాడ